యామిని ఐదో ఎత్తు

బొబ్బిలిలో యామిని అని ఒక ఏడో తరగతి పిల్ల ఉండేది. ఆ పిల్లకు తెలివికి లోటు లేదు, చదరంగంలో ఆమెను ఓడించేవాళ్ళు బళ్ళో లేరు, కాని "నాకు అర్థం కాలేదు" అనే మాట మాత్రం చచ్చినా నోటినుంచి వచ్చేది కాదు.

దానికో కారణం ఉంది. మూడో తరగతిలో ఉన్నప్పుడు ఒకసారి భిన్నాల లెక్క అర్థం కాలేదని లేచి నిలబడి చెప్పింది. "ఇంత చిన్న విషయం కూడానా?" అన్నారు పంతులమ్మగారు. క్లాసంతా గొల్లున నవ్వింది. నవ్విన పిల్లలు భోజనం గంట కొట్టేసరికి ఆ సంగతే మరిచిపోయారు. యామిని మరవలేదు. అప్పటినుంచి ఎవరేం చెప్పినా, వాళ్ళ మాట పూర్తి కాకముందే "అర్థమైంది" అని తలూపడం అలవాటు చేసుకుంది. ఊపడమంటే మామూలుగా కాదు. కళ్ళు కాస్త పెద్దవి చేసి, పెదవి బిగించి, ఎంత గట్టిగా ఊపేదంటే చెప్పేవాళ్ళు ఇక చెప్పాల్సిందేమీ లేదనుకుని ఆపేసేవారు. తరవాత ఇంటికెళ్ళి తలుపు వేసుకుని, పుస్తకంతో కుస్తీ పట్టి చాలావరకు తనే నేర్చేసుకునేది కూడా. అందుకే ఆమె గుట్టు ఎవరికీ తెలియలేదు.

ఆ బడి డ్రిల్లు మాస్టారు పైడిరాజుగారికి చదరంగమంటే ప్రాణం. శనివారం సాయంత్రాలు వరండా గోడకి ఒక పెద్ద బోర్డు తగిలించి, అయస్కాంతం కాయలు అతికించి, పిల్లలకు ఎత్తులు నేర్పేవారు. మంచి మనిషే గాని తొందర ఎక్కువ. ఏదైనా చెప్పాక పిల్లలందరి మొహాలూ చూసే ఓపిక ఆయనకు ఉండేది కాదు. ఒక్క యామిని వైపు చూసి, "యామినికి అర్థమైందంటే అందరికీ అర్థమైనట్టే" అనేవారు. యామిని తల ఊపేది. అక్కకు అర్థమైంది కాబట్టి తమకూ అయ్యే ఉంటుందనుకుని వెనక పిల్లలూ ఊపేవారు. మాస్టారు సంతోషంగా తరవాతి పాఠంలోకి వెళ్ళిపోయేవారు.

జిల్లా పోటీలు దగ్గరపడ్డాయి. యామిని వయసు పిల్లల్లో మొదట వచ్చిన ఒక్కరినే రాష్ట్ర పోటీలకు పంపుతారు. ఈసారి వెళ్ళేది మన యామినే అని బడంతా తీర్మానం చేసేసుకుంది. హెడ్మాస్టరుగారైతే ప్రార్థన సమయంలో ఆమెను ముందుకు పిలిచి చప్పట్లు కూడా కొట్టించేశారు. ఆ చప్పట్లకు యామిని పైకి నవ్వింది గాని, లోపల భయం మొదలైంది.

ఆ శనివారం మాస్టారు నల్లకాయలతో ఆట ఎలా మొదలుపెట్టాలో చెప్పారు. మొదలుపెట్టే ఈ వరసనే ఆడేవాళ్ళు ఓపెనింగ్ అంటారు. ముందు రాజు ఎదుటి బంటు, తరవాత ఒక గుర్రం, ఆ తరవాత రెండో గుర్రం. ఈలోగా తెల్లకాయలవాళ్ళ గుర్రం దూకుతూ వచ్చి మన రాజు పక్కనున్న బంటు మీద కన్నేస్తుంది. వాళ్ళ ఒంటె కూడా దూరాన్నుంచి దానిమీదే గురిపెట్టి ఉంటుంది. ఆ ఒంటెకు అడ్డంగా మనం నడిమధ్యకి ఇంకో బంటును తోయాలి. దాన్ని వాళ్ళ బంటు తినేసి అక్కడే నిలబడుతుంది.

"ఇక్కడే జాగర్త," అన్నారు మాస్టారు. "ఆ బంటు ఊరికే దొరికినట్టు కనపడతాది. తినకండి. ఈ కుడి పక్క గుర్రాన్ని ముట్టుకోనే ముట్టుకోకండి. ఎడం పక్క గుర్రాన్ని తీసికెళ్ళి అంచున పెట్టి వాళ్ళ ఒంటెని తరమాలి. ఎందుకో అర్థమయ్యిందా?"

యామినికి అర్థం కాలేదు. ఊరికే దొరికిన బంటును వదిలేసి, మంచి గుర్రాన్ని తీసుకెళ్ళి అంచున కట్టేయడమేమిటి? ఆ ప్రశ్న గొంతుదాకా వచ్చింది. దాని వెనకే మూడో తరగతి నవ్వు కూడా వచ్చింది. మాస్టారు ఆమె మొహం వైపే చూస్తున్నారు. వెనక పిల్లలు ఆమె తల వైపే చూస్తున్నారు.

"అర్థమైంది సార్," అంది.

ఇంటికెళ్ళి ఎప్పటిలాగే తలుపు వేసుకుంది. గోడమీది బోర్డులాగే తెల్లకాయలు తన వైపు, నల్లకాయలు అవతలి వైపు పేర్చుకుని ఎంతసేపో చూసింది. ఆ బంటును తింటే వచ్చే ముప్పేమిటో ఎంతకీ దొరకలేదు. సోమవారం మాస్టారిని అడిగేస్తే పోయేది. కాని శనివారం అర్థమైందని చెప్పి సోమవారం కాలేదంటే, ఇన్నాళ్ళూ ఊపిన తలంతా అబద్ధమేనా అని అడుగుతారేమో. నిజంగా అదే అడిగితే ఏం చెప్పాలి? అందుకని ఆ ఎత్తుల్ని ఎక్కాల్లా బట్టీ పట్టేసింది. "బంటు, గుర్రం, గుర్రం, బంటు, ఎడమ గుర్రం." అన్నం తింటూ అదే, జడ వేయించుకుంటూ అదే. అనుకుంటున్నంతసేపూ ధైర్యంగా ఉండేది. ఆపగానే కడుపులో ఏదో జారినట్టయ్యేది.

పోటీలకు ముందురోజు నందిక ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. నందిక మూడో తరగతి పిల్ల, చిన్నపిల్లల విభాగంలో ఆడబోతోంది. యామిని జడ ఎలా వేసుకుంటే తనూ అలాగే వేసుకునేంత అభిమానం ఆ పిల్లకు.

"అక్కా, ఆ బంటుని ఎందుకు తినకూడదక్కా? నాకు తెలీలేదు."

యామిని కంగారుపడింది. తనకూ తెలియదని చెబితే ఈ పిల్ల రేపు బస్సులో అందరిముందూ అనేస్తుంది. పిల్లలకు నోరాగదు. మాస్టారు వింటారు.

"మాస్టారు చెప్పినప్పుడు ఎక్కడ చూస్తున్నావు? ఇంత చిన్న విషయం కూడానా?" అంది కసురుతూ.

అన్నాక ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించింది. ఎక్కడ విన్నదో గుర్తొచ్చేలోగా నందిక మొహం చిన్నబుచ్చుకుని, "అర్థమైందక్కా" అని తల ఊపి వెళ్ళిపోయింది. యామిని హమ్మయ్య అనుకుంది. అలా అనుకున్నందుకు ఆమెకే ఏదోలా ఉంది.

పోటీలు విజయనగరంలో ఒక కల్యాణ మండపంలో పెట్టారు. ముందురోజు అక్కడ ఏదో పెళ్ళి జరిగినట్టుంది. స్తంభాలకు బంతిపూల దండలు వాడి వేలాడుతున్నాయి. స్టేజీ మీద థర్మాకోల్ అక్షరాల్లో పెళ్ళికొడుకు పేరు ఉంది గాని, పెళ్ళికూతురి పేరులో సగం ఊడిపోయింది. భోజనాల బల్లల మీద వరసగా చదరంగం బోర్డులు పరిచారు. తల్లిదండ్రుల్ని గేటు బయటే ఆపేశారు. యామిని వాళ్ళమ్మ సత్యవతి క్యారియర్ చేతికిస్తూ కూతురి వేళ్ళు పట్టుకుని చూసింది.

"చేతులు మంచులాగున్నాయేటే? భయమేస్తందా?"

"లేదమ్మా," అంది యామిని. అదీ అబద్ధమే.

ప్రతి ఆటకు ముందు ఆర్బిటర్ గారు, అంటే ఆటకు తీర్పరి, మైకులో ఒకే మాట చెప్పేవారు: ముట్టుకున్న కాయను కదిపి తీరాలి, ముట్టుకోలేదంటే కుదరదు. ఎన్నో పోటీల్లో విన్న మాటే అయినా ఆ రోజు అది వినపడినప్పుడల్లా యామిని చేతులు ఒళ్ళోకి లాక్కునేది. పొద్దుటి ఆటల్లో ఆమెను అదృష్టం కాచింది. కొన్నిట్లో తెల్లకాయలు వచ్చాయి. నల్లకాయలు వచ్చినప్పుడు ఎదుటివాళ్ళు వేరే రకంగా మొదలుపెట్టారు. అన్నీ గెలిచింది. గెలిచినకొద్దీ భయం తగ్గాలి కదా, తగ్గలేదు. మాస్టారు చెప్పిన ఆ గుర్రం ఎప్పుడో ఒకప్పుడు దూకి వస్తుందని ఆమెకు తెలుసు. పరీక్షలో చదవని ఒక్క ప్రశ్న కోసం ఎదురుచూస్తున్నట్టుంది ఆమె పని.

సాయంత్రం చివరి ఆటకు జోడీల కాగితం గోడకు అతికించారు. యామినికి ఎదురు సాలూరు పిల్ల రెహానా. ఇద్దరివీ సమానమైన పాయింట్లు. ఎవరు గెలిస్తే వాళ్ళు రాష్ట్ర పోటీలకు వెళతారు. యామినికి నల్లకాయలు.

రెహానా గురించి సాలూరు పిల్లలు పొద్దున్నే నవ్వుకుంటూ చెప్పారు. ఆ పిల్లను వాళ్ళు "ఎందుకు రెహానా" అంటారట. ఏది చెప్పినా ఎందుకు, ఎందుకు అని వాళ్ళ సార్ ప్రాణం తోడేస్తుందట. ఒక్కసారి చెబితే అర్థం కాదట. ఆ మాట గుర్తు తెచ్చుకుని యామిని కాస్త ధైర్యం చెప్పుకుంది. రెహానా వచ్చి, జలుబు ముక్కు రుమాలుతో తుడుచుకుని, కరచాలనం చేసి కూర్చుంది. ఆమె చెయ్యి వెచ్చగా ఉంది.

గడియారం నొక్కారు. రెహానా రాజు ఎదుటి బంటును తోసింది. బంటు, అనుకుంటూ యామినీ తోసింది. రెహానా గుర్రాన్ని తెచ్చింది. గుర్రం. రెహానా ఒంటెను తెచ్చింది. గుర్రం. రెహానా కొంచెంసేపు ఆలోచించి, ఒక తుమ్ము తుమ్మి, తన గుర్రాన్ని ఎత్తి యామిని రాజుకు దగ్గరగా దూకించింది.

వచ్చేసింది. మండపంలో ఎవరో దగ్గారు, ఎవరిదో కుర్చీ కిర్రుమంది. ఆ చప్పుళ్ళన్నీ యామినికి తనను చూసి నవ్వుతున్నట్టే వినపడ్డాయి. నీకు తెలియదు, తెలియకుండానే ఊపావు. యామిని నడిమధ్యకి బంటును తోసింది. రెహానా బంటు దాన్ని తినేసి అక్కడే నిలబడింది.

బంటు, గుర్రం, గుర్రం, బంటు, ఎడమ గుర్రం. ఇది ఐదో ఎత్తు. గడియారంలో అంకెలు తరిగిపోతున్నాయి. తొందరగా వేసేస్తే ఈ గండం గడుస్తుందనిపించింది. ఎడమ చేతివైపున్న గుర్రాన్ని పట్టుకుని ఎత్తింది. అంచుకు తీసుకెళ్ళబోయింది.

అక్కడ తరమడానికి ఒంటె లేదు.

ఒంటె ఆ చివర, కుడివైపు ఉంది. అప్పుడు తెలిసింది యామినికి. గోడమీది బోర్డులో తెల్లకాయలు కిందివైపు ఉండేవి. ఇంట్లోనూ అలాగే పెట్టుకుంది. అక్కడ ఎడమైనది, నల్లకాయల వెనక కూర్చున్నప్పుడు కుడి అవుతుంది. ముట్టుకోనే ముట్టుకోవద్దని మాస్టారు చెప్పిన గుర్రం ఇప్పుడు ఆమె వేళ్ళ మధ్య ఉంది. ఎందుకు కదపాలో తెలిసి ఉంటే ముందు ఒంటె వైపు చూసేది, ఎటు కూర్చున్నా పొరపడేది కాదు. బట్టీ పట్టడం వల్ల చెయ్యి ముందు వెళ్ళింది, కళ్ళు తరవాత వెళ్ళాయి.

కిందపెట్టి ఇంకోటి తీయడానికి లేదు. ఆర్బిటర్ గారు రెండు బల్లల అవతల నిలబడి ఇటే చూస్తున్నారు. ఆ గుర్రాన్ని చేత్తో పట్టుకుని యామిని ఒక్కొక్క గడే వెతికింది. అంచున పెడితే రెహానా మంత్రి తినేస్తుంది. వెనక్కి తెస్తే ఆ బంటు రెండో గుర్రాన్ని తినేస్తుంది. మిగిలింది ఆ బంటును తినడమే. తినొద్దన్న దాన్నే తినాలి, తింటే ఏమవుతుందో మాత్రం తెలియదు. ఆమె జీవితంలో అంతగా ఎప్పుడూ భయపడలేదు. కళ్ళు మూసుకున్నంత పని చేసి, తినేసింది.

రెహానా ఆలోచించనైనా ఆలోచించలేదు. తన గుర్రాన్ని నేరుగా యామిని రాజు ఒళ్ళోకి దూకించింది. అది మంత్రినీ ఏనుగునూ ఒకేసారి బెదిరిస్తోంది. రాజు దాన్ని తిన్నాడు. వెంటనే రెహానా మంత్రి బయటికొచ్చి రాజుకు చెక్ పెట్టింది. అదే ఎత్తులో నడిమధ్య గుర్రం మీద కూడా కన్నేసింది. గుర్రం దక్కాలంటే రాజే దాని పక్కకు రావాలి. యామిని రాజు ఇల్లు వదిలి, కాపలా లేకుండా, బోర్డు నడిబొడ్డుకి నడిచి వచ్చి నిలబడ్డాడు. చుట్టూ శత్రువుల కాయలు. రాజును చూస్తుంటే యామినికి మూడో తరగతి గదిలో అందరి మధ్యా ఒంటరిగా నిలబడ్డ తనే కనపడింది. ఆ తరవాత ఆమె బాగానే పెనుగులాడింది, తెలివైన పిల్ల కాబట్టి. కాని నడివీధిలో పడ్డ రాజును ఎంతసేపు కాపాడగలదు? కాసేపటికి చెక్ పడ్డ రాజుకు కదలడానికి గడి లేకుండా పోయింది.

ఇద్దరూ ఫలితం రాసిన కాగితాల మీద సంతకాలు పెట్టారు. యామిని రాష్ట్ర పోటీల దారి అక్కడితో మూసుకుపోయింది. కన్నీళ్ళు కనపడకుండా ఆమె వంటశాల వైపు వెళ్ళి బోర్లించిన గంగాళాల పక్కన నిలబడింది. కొంతసేపటికి రెహానా ఒక బోర్డు చంకలో పెట్టుకుని అక్కడికే వచ్చింది.

"నువ్వు ఇంత బాగా ఆడతావు, ఆ గుర్రంతో ఎందుకు తిన్నావు?" అంది. దెప్పడానికి కాదు, ఆ పిల్ల అలవాటే అది. కింద కూర్చుని కాయలు పేర్చింది. "చూడు, ఈ గుర్రం నీ రాజు ఎదుట తలుపులాంటిది. ఇది పక్కకు వెళ్తే మంత్రికి దారి తెరుచుకుంటుంది. మా సార్ చెప్పినప్పుడు నాకూ అర్థం కాలేదు. మళ్ళీ అడిగాను. మళ్ళీ కాలేదు. చివరికి ఆయన విసుగొచ్చి, నా రాజును ఇలా నడిమధ్యకు లాగి చూపించారు. అప్పుడు తెలిసింది."

"అందరూ నవ్వలేదా?" అని అడిగింది యామిని.

"నవ్వారు," అంది రెహానా. "నాకు ఏడుపొచ్చింది కూడా. కాని తెలియకపోతే బోర్డు ముందు ఇంకా భయమేస్తుంది కదా."

ఎంత మామూలుగా అనేసిందో. ఇన్నాళ్ళూ తను పడుతూ వచ్చిన భయానికి మందు అంత చిన్నదని యామినికి నమ్మబుద్ధి కాలేదు. రెహానా చూపించిన ఎత్తులన్నీ మళ్ళీ ఒకసారి వేయించుకుని చూసింది. ఇప్పుడు ఆ ముప్పు కళ్ళెదుటే కనపడింది. దాన్ని దాటే దారీ కనపడింది. అడిగి ఉంటే ఆ వరండాలోనే తెలిసిపోయే సంగతి అది.

బయటికి వచ్చేసరికి గేటు మెట్ల మీద సత్యవతి పక్కన నందిక కూర్చుని ఉంది. క్యారియర్ తెరిచి ఉంది గాని పులిహోర ముట్టలేదు.

"నువ్వెలా ఆడావే?" అంది యామిని.

"ఓడిపోయానక్కా. ఆ బంటుని తిన్నాను." నందిక తల దించుకుంది. "ఎందుకు తినకూడదో ఎవర్నీ అడగలేదు. నువ్వే అంతలా తిడితే మాస్టారు ఇంకా తిడతారనుకున్నాను."

తను ఓడిపోయినప్పుడు కూడా యామినికి అంత బాధ కలగలేదు. తను దాచుకున్నది తన ఒక్కదాని ఆటనే చెడగొట్టిందనుకుంది. ఈ పిల్ల నోరు కూడా మూసేసింది. అచ్చం తన నోరు మూసిన మాటతోనే. నందిక పక్కన మెట్టు మీద కూర్చుంది.

"నాకు కూడా తెలీదే. నువ్వు అడిగినప్పుడు నాకేమీ తెలీదు. తెలీదని చెప్పడానికి భయపడి నిన్ను తిట్టాను," అంది. నందిక నోరు తెరుచుకుని ఆమెనే చూసింది. తరవాత మెట్ల మీదే యామిని బోర్డు పరిచి, నల్లకాయలు నందిక వైపు పెట్టి, రాజును నడిమధ్యకు ఎలా ఈడ్చుకొస్తారో చూపించింది.

మళ్ళీ శనివారం వచ్చింది. మాస్టారు దిగులుగా ఉన్నా, గోడకి బోర్డు తగిలించి కొత్త పాఠం మొదలుపెట్టారు. చెప్పడం అయ్యాక అలవాటుగా యామిని వైపు తిరిగి అర్థమయ్యిందా అని అడిగారు. అందరి కళ్ళూ ఆమె తల మీదికి వెళ్ళాయి. మండపంలో గుర్రం ఎత్తినప్పటికంటే యామినికి ఎక్కువ భయమేసింది. అయినా లేచి నిలబడింది.

"అర్థం కాలేదు సార్. మొన్న ఆ గుర్రం సంగతి చెప్పినప్పుడు కూడా అర్థం కాలేదు. అయ్యిందని అబద్ధం చెప్పాను. నల్లకాయల వైపు కూర్చుంటే మీరు చూపించిన ఎడమ కుడి అవుతుందని కూడా చూసుకోలేదు."

నవ్వు కోసం ఎదురుచూస్తూ బిగుసుకుపోయింది. నవ్వు రాలేదు. వెనకనుంచి నందిక గొంతు, "నాకూ కాలేదు సార్" అంది. ఇంకెవరో తమకూ కాలేదన్నారు. చూస్తుండగానే వరండా నిండా చేతులు లేచాయి. పైడిరాజు మాస్టారు ఆ చేతుల వైపు చూసి, చూసి, మెట్టు మీద కూలబడ్డారు.

"అయితే ఇన్నాళ్ళూ నేను గోడకి పాఠం చెప్పేనన్నమాట," అన్నారు నెమ్మదిగా. ఎవరినీ కోప్పడలేదు. లేచి బోర్డును ఊడదీసి, నల్లకాయలు కిందికి వచ్చేలా తిప్పి తగిలించారు. పాఠం మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టి, ఈసారి ఒక్కొక్కరి మొహం చూస్తూ చెప్పారు. యామినికి భయం ఆ ఒక్క రోజుతో పోలేదు. ఆ తరవాత కూడా చెయ్యెత్తినప్పుడల్లా గుండె దడదడలాడేది. కాని బోర్డు ముందు కూర్చున్నప్పుడు కడుపులో ఏదో జారడం మాత్రం మానేసింది.

అర్థం కానిదాన్ని అర్థమైందని తల ఊపేవాళ్ళకు మిగిలేది భయమే, పైగా ఆ తల చూసి పక్కవాళ్ళు కూడా అడగడం మానేస్తారు. కాబట్టి తెలియనిది తెలియదని అక్కడికక్కడే చెప్పాలి.